వరుస తప్పిన అడుగు

ప్రియ చదువరీ, జాంబియా దేశములో లువాంగ్వా అను నది కలదు. వానకాలమున అది గట్లు దాటి మైదానమును ముంచును. దారి మార్చుకొనినప్పుడు వెనుక మడుగులను విడిచిపోవును. ఎండలు ముదిరినప్పుడు మృగములు నీళ్లకొరకు అక్కడికే చేరును. ఆ ప్రదేశములోని దక్షిణ లువాంగ్వా అరణ్యము 1972లో జాతీయవనమాయెను.

నేనును ముగ్గురు స్నేహితులును అచ్చట కాలినడకన వెళ్లితిమి. ముందు తుపాకి పట్టిన కావలివాడు, వెనుక మేము, ఒకే వరుస. "వరుస విడువవద్దు, పరుగెత్తవద్దు" అని అతడు ముందే చెప్పెను. అయినను ఫొటో తీయవలెనను ఆత్రముతో నేను నాలుగడుగులు ప్రక్కకు వేసితిని. పొదచాటున పిల్లతోనున్న ఆడఏనుగు చెవులు విప్పి నా వైపు తిరిగెను! కావలివాడు తుపాకి ఎత్తెను గాని పేల్చలేదు. కదలవద్దని నాకు సైగచేసి నిలిచెను. కొంతసేపటికి ఏనుగు తల విదల్చి, పిల్లను తోడుకొని మడుగువైపు పోయెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా ప్రాణమును తలంచుకొని కాదు. అతడు పేల్చియుండినయెడల నా ఫొటో కొరకు ఆ పిల్ల తల్లిలేనిదగును గదా! చదువరీ, మన అడుగు తప్పినప్పుడు దాని వెల ఎల్లప్పుడు మనమే చెల్లింపము.

కావలివాడు నన్ను ఒక్కమాటయైనను అనలేదు. మరునాటి ఉదయమున అతని వెనుక అందరికంటె ముందుగా వరుసలో నిలిచినవాడను నేనే.