మద్ది చెక్క పొడి

అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలాక ఇంట్లో అందరం ఆవిడ జుట్టు గురించే బెంగపడ్డాం. డాక్టరమ్మ మాత్రం ముందు గుండె సంగతి అడిగి, ఎకో తీయించారు. కీమోలో నరంలోకి ఎక్కించే ఆ ఎర్ర మందు, డాక్సోరూబిసిన్, క్యాన్సర్ కణాలతో పాటు గుండె కండరాన్నీ దెబ్బతీయగలదట. మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే మొత్తం ఎంత ఎక్కించారో లెక్క రాసిపెడతారు.

ఈ మాట ఊళ్లో మామయ్య చెవిన పడింది. వారం తిరక్కుండానే తెల్లమద్ది చెక్క పొడి డబ్బాతో బస్సు దిగాడు. "గుండెకి ఇంతకు మించింది లేదే. పాలల్లో మరిగించి పొద్దున్నే ఇవ్వు" అన్నాడు.

మామయ్యది గాలిమాట కాదు. ఆయుర్వేదంలో అర్జున చెట్టంటే ఇదే. గుండెకి వాడటం ఏనాటి నుంచో ఉంది. ఎర్ర మందు ఇచ్చిన ఎలుకల మీద దీని సారాన్ని పరీక్షిస్తే గుండెకి నష్టం తగ్గింది. పసుపులోని కర్‌క్యుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్‌వెరట్రాల్, ఉల్లిపాయలోని క్వెర్సెటిన్ మీదా ఇలాంటి పరిశోధనలున్నాయి. మందు వల్ల గుండె కణాల్లో పుట్టే ఫ్రీ రాడికల్స్‌ని ఇవి అణుస్తాయని ఆశ.

కానీ ఎలుక వేరు, అమ్మ వేరు. పసుపు ఎంత తిన్నా రక్తంలోకి చేరే కర్‌క్యుమిన్ బహు తక్కువ. పైగా గుండెను కాపాడేది గడ్డను కూడా కాపాడితే?

డబ్బా తీసుకెళ్లి డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "కూరలో పసుపు మానక్కర్లేదమ్మా. పొడులు, క్యాప్సూల్స్ మాత్రం కీమో అయ్యేదాకా వద్దు. రెండూ కలిసి లివర్ మీద ఏం చేస్తాయో, కీమో బలం తగ్గిస్తాయో చెప్పలేం" అన్నారు. అవసరమైనవాళ్లకి గుండె రక్షణ కోసం డెక్స్‌రజాక్సేన్ అనే మందు ఉందనీ చెప్పారు.

మామయ్య చిన్నబుచ్చుకున్నాడు. "మరి నన్నేం చెయ్యమంటావే?" అన్నాడు. చెల్లెలి కోసం ఏదో ఒకటి చెయ్యకపోతే ఆయనకి నిద్ర పట్టదు. ఆ పొడి వెనకున్నదీ అదే.

"ఎకో రోజున అమ్మ వెంట నువ్వు రా మామయ్యా. మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా వెంటనే నాకు చెప్పు" అన్నాను. ఆ రోజు నుంచి ఒక్క ఎకో కూడా తప్పించలేదు.

మీ ఇంటికీ ఎవరో ఒకరు ప్రేమగా ఏదో ఒక పొడి తెస్తారు. పారేయకండి, చాటుగా తాగించకండి. డబ్బాను డాక్టరు బల్ల మీద పెట్టి అడగండి. తెచ్చినవాళ్లకి ఇంకో పని అప్పజెప్పండి.