మైనస్ అంటే ఉపాడ్

ఒక లెక్క చెప్తాను, వేసుకోండి. 80 సెంట్ల రఫ్ రాయిని సానబడితే 32 సెంట్ల వజ్రం తేలింది. ఎంత శాతం దక్కినట్టు? క్యారెట్టుకు 100 సెంట్లు, క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, కాబట్టి మనం మాట్లాడుకుంటున్నది చిటికెడు రాయి గురించే. సూరత్ వరాఛాలో ఘంటీ ముందు, అంటే సానచక్రం ముందు, పొద్దస్తమానం కూర్చునేవాణ్ణి అడిగితే కాగితం అడగడు. నలభై అనేస్తాడు.

అదే మనిషికి పుస్తకం తెరిచి 32ని 80తో భాగించమనండి. 80ని 32తో భాగించి రెండున్నర అని రాస్తాడు. చిన్న అంకెను పెద్ద అంకెతో భాగించకూడదని చిన్నప్పుడు ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట మనసులో పాతుకుపోయింది.

నేను సాయంత్రాలు లెక్కలు చెప్పేది ఇలాంటివాళ్లకే. పగలు పని, రాత్రి డిగ్రీ చదువు. సౌరాష్ట్ర నుంచి వచ్చిన రత్నకళాకారులు ఎక్కువ. మగ్గాల పనికి వచ్చి లింబాయత్ వైపు స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాల అన్నలు కూడా ఒకరిద్దరు వస్తారు. "ఈ వయసులో భిన్నాలేంది సార్, మా పోరలు చూస్తే నవ్వుతరు" అంటారు. ఆ బిడియం ముందు పోవాలి. అందుకే బోర్డు మీద ఏమీ రాయకుండా, "ఆ నలభై ఎట్లా చెప్పావు?" అని అడుగుతాను. "ఎనభైలో పదో వంతు ఎనిమిది. నాలుగు ఎనిమిదులు ముప్పై రెండు. అయితే నాలుగు పదులు." అప్పుడు రాస్తాను: 32/80 = 4/10. భిన్నాన్ని సూక్ష్మరూపంలోకి తెచ్చింది అతనే. ఎప్పటినుంచో చేస్తున్నాడు, రాయడమే తెలియదు.

నిజానికి మన తాతల నోళ్లలో భిన్నాలు ఆడేవి. పావు, పరక, వీసం అంటూ పదహారో వంతు దాకా నోటితోనే తేల్చేవారు. పాత గుజరాతీ బడుల్లో అయితే పావు, ముప్పావు, ఒకటింబావు, ఒకటిన్నర ఎక్కాలు కూడా వల్లె వేయించేవారు.

వయసు మీరినవాళ్లకు కాలేజీ దారి వేసినవారిలో మనవాళ్లు ముందున్నారు, అది నాకు గర్వం. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. బడి సర్టిఫికెట్టు లేకపోయినా అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేర్చుకున్నారు. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నోకూ తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇంటర్ లేనివాళ్ల కోసం ఇగ్నో పెట్టిన సన్నాహక కోర్సులో సాధారణ గణితం ఒక సబ్జెక్టు. ఎంతో మంచి పని. కానీ పుస్తకం పోస్టులో వస్తుంది, పక్కన కూర్చుని చెప్పే మనిషి రాడు కదా.

రుణ సంఖ్యల దగ్గరే చూడండి. "సున్నా కన్నా తక్కువ ఎట్లుంటది సార్?" అని ఒక అన్న గట్టిగా నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. జీతంలోంచి ముందుగా వాడుకునే డబ్బును ఇక్కడ ఉపాడ్ అంటారు.

"ఈ నెల నీ పని 12,000, ఉపాడ్ 15,000. చేతికెంత?"

"నాకేమొస్తది, నేనే మూడు వేలు బాకీ."

"అదే −3,000. పండక్కి శేఠ్ వెయ్యి ఉపాడ్ కొట్టేశాడనుకో?"

"బాకీ రెండు వేలకు దిగుతది."

−3,000 − (−1,000) = −2,000 అని రాశాను. మైనస్, మైనస్ కలిస్తే ప్లస్ అని చిన్నప్పుడు దెబ్బలు తిని బట్టీ పట్టిన మనిషి, బోర్డు దగ్గరికొచ్చి ఆ రెండు గీతల మీద వేలు పెట్టి చూశాడు. "గిది కొట్టేసుడు, గిది బాకీ" అన్నాడు. ఆ మాట కన్నా బాగా నేను చెప్పలేను.

అయితే పనిలో వచ్చిన లెక్క కాగితం మీదికి దానంతటదే నడిచి వస్తుందనుకోకండి. బ్రెజిల్‌లోని రెసిఫె వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం అచ్చయింది. కాయ 35 చొప్పున పది కొబ్బరికాయలు ఎంత అంటే ఒక పిల్లవాడు సున్నా చేర్చలేదు. మూడు 105, ఇంకో మూడు 210, మరో మూడు 315, ఇంకొకటి 350 అని కూడాడు. బేరంలో తడబడని పిల్లలు అవే లెక్కలు కాగితం మీద ఇస్తే తప్పారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల సంగతీ ఇంతేనని 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బడిపిల్లలది దీనికి తలకిందులు, పుస్తకంలో చేసేది బజారులో చెయ్యలేకపోయారు.

అందుకే అన్నీ వజ్రాల్లోనే, అన్నీ బట్టలోనే చెబితే చాలనేవారితో నేను ఏకీభవించను. పనిలోంచి మొదలుపెట్టాలి, తర్వాత పనిని వదిలించాలి. మగ్గం నిమిషానికి 150 పేకపోగులు వేస్తుంది, అంగుళానికి 60 పోగులు. గంటకు 9,000 పోగులు, అంటే 150 అంగుళాలు, సుమారు 3.8 మీటర్లు. ఇంతవరకూ మా అన్నలు నోటితోనే చెప్తారు. 57 మీటర్లకు ఎన్ని గంటలు? తెలియని గంటలను x అందాం: 3.8x = 57. పదిహేను. ఆ తర్వాత మగ్గం మాటెత్తకుండా 7x = 91 ఇస్తాను. అక్కడ ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగే చోటే మాస్టారు పక్కన ఉండాలి, తొందరపెట్టకుండా.

దీపావళికి వరాఛా కార్ఖానాలు వారాల తరబడి మూతపడతాయి, తరగతిలో సగం మంది సౌరాష్ట్ర బస్సెక్కుతారు. కొత్తగా నేర్చుకున్న x ఆ సెలవుల్లో నిలవదు. కాబట్టి పండగలోపు భిన్నాలు, మైనస్‌లు పూర్తిచేసి, అక్షరాల లెక్కలు సెలవుల తర్వాతే ఎత్తుకుంటాను.