సముద్రం కాదు, సాగర్!

నిరుడు వేసవిలో విశాఖపట్నం వెళ్ళి వచ్చినప్పటినుంచీ మావాడికి నీళ్ళ పిచ్చి పట్టుకుంది. అక్కడ ఋషికొండ దగ్గర పడవలో కొంతదూరం తీసుకుపోయి, కళ్ళకు అద్దాల తొడుగూ, నోట్లో వంకర గొట్టమూ పెట్టి, నీటిమీద బోర్లా తేలమన్నారు. మొహం ముంచినా ఊపిరి ఆడుతుంది; అడుగున ఉన్నదేదో కంటికి కనిపిస్తుంది. మావాడు పావుగంట తేలి, రెండు చారల చేపలను చూసి, ఆ ముచ్చట నెలరోజులు చెప్పాడు.

ఈ ఏడు కూడా సముద్రానికే పోదామని పట్టుబట్టాడు. నల్లగొండకు సముద్రాన్ని ఎక్కడినుంచి తెస్తాం? "సముద్రం లేకపోతేనేం, సాగర్ లేదా మనకు?" అన్నది మా ఆవిడ. కార్తీకమాసంలో ఒక ఆదివారం బయలుదేరాం. మావాడు గొట్టమూ, అద్దాలూ సంచిలో పెట్టుకోవడం మరిచిపోలేదు.

లాంచీ ఎక్కగానే అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించారు. నాగార్జునకొండకు సుమారు గంట ప్రయాణం. డ్యాం వెనక్కి జరిగిపోయి, రెండువైపులా నల్లమల కొండలు దగ్గరికి వచ్చాయి. గైడు లేచి నిలబడి, "కొండ దగ్గరికి వస్తున్నాం. ఇక్కడ మన కాళ్ళకింద ఒక రాజధాని ఉందండీ!" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. మూడో శతాబ్దిలో ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి ఈ లోయలోనే ఉండేది. రాజులు వైదిక యాగాలు చేస్తే, చాంతిసిరి వంటి రాజవంశపు స్త్రీలు బౌద్ధ స్తూపాలకు ధనం ఇచ్చారు. సింహళ భిక్షువులకు కూడా ఇక్కడ ఒక విహారం ఉండేది. ఆ ఊరు మట్టిలో కలిసిపోయి, 1926లో మళ్ళీ లోకానికి తెలిసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. ఆనకట్ట కడితే లోయ మునగక తప్పదు. అందుచేత ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరాగా తవ్వి, ముప్పైకి పైగా బౌద్ధారామాలను వెలికితీశారు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను కొండమీద తిరిగి నిలబెట్టారు.

ఇది విన్నాడో లేదో, మావాడు అద్దాలు బయటికి తీశాడు. "నాన్నా, ఒక్కసారి మొహం ముంచి రాజధాని చూస్తా!"

సరంగు నవ్వాడు. "ఇది సముద్రం కాదు బాబూ. లోతు చాలా ఉంది. నీళ్ళలో దిగనియ్యరు. దిగినా ఈ మడ్డినీళ్ళలో నీ చెయ్యి నీకే కనపడదు."

మావాడి మొహం చిన్నబోయింది. పక్కన కూచున్న ముసలమ్మ వాడి వీపు నిమిరి, "నాకు కనపడుతది బిడ్డా. నన్నడుగు," అన్నది.

కొండకు ఎదురుగా, ఎడమ గట్టు దిక్కు చెయ్యి చూపించింది. "ఏలేశ్వరం మా తల్లిగారి ఊరు సారూ. నీళ్ళొచ్చేనాటికి నేను పదేండ్ల పిల్లను. సామాను బండ్లకెత్తినం. మా నాయిన తలుపులు పీకి తెచ్చిండు. గడప రాలేదు."

ఏలేశ్వరం శ్రీశైలానికి ఉపద్వారాల్లో ఒకటి. అక్కడ కూడా మునక ముందు పురావస్తుశాఖవారు తవ్వకాలు జరిపారు. శివరాత్రికి గట్టుమీది మల్లన్న దగ్గరికి లాంచీలు పోతాయి కాని, ఆ జనంలో ఇంట్లోవాళ్ళు ఆమెను పంపరట. అందుకని ఈ లాంచీ ఎక్కింది.

కొండమీద మహాచైత్యం చూశాం. మన పల్లెల్లో రాక్షసగుళ్ళనే బండల సమాధి చూశాం. స్నానఘట్టం దగ్గర నేను కాసేపు నిలబడిపోయాను. ఒకప్పుడు నది ఒడ్డున ఉన్న మెట్లు అవి. మెట్లను కొండమీదికి తెస్తే, నది కూడా వెంటనే ఎక్కివచ్చినట్టుంది.

1966లో తెరిచిన మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటి ఉంది. (శుక్రవారం మ్యూజియానికి సెలవు, వెళ్ళేవారు గమనించాలి.) మావాడు దానిమీదికి వంగి, విహారాలు లెక్కపెట్టసాగాడు. ముసలమ్మ నా పక్కకు వచ్చి, "మా ఊరు యాడుంది సారూ?" అని అడిగింది. వెతికాను. అది కొండ పక్కనున్న లోయ నమూనా. ఏలేశ్వరం నదికి అవతలిది. "ఇందులో లేదమ్మా," అన్నాను. తెలుగు పాఠాలు చెప్పే నాకు అంతకన్న మాట తోచలేదు.

"కోపం రాదా అమ్మా?" అని మా ఆవిడ అడిగింది.

"ఎవలమీద బిడ్డా? మా చిన్నోని పొలం మిర్యాలగూడ దిక్కు. గీ నీళ్ళకే పండుతది."

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. మా ఇంట్లో వండే బియ్యం కూడా ఆ ఆయకట్టువే. ఈ మాట నాకు రోజూ అన్నం ముందు కూచున్నప్పుడు గుర్తుకు రాలేదు, ఆనాడు వచ్చింది.

తిరుగు ప్రయాణంలో మావాడు ఆమె పక్కనే చేరాడు. ఇల్లు ఎట్లా ఉండేదో, వాకిట్లో ఏ చెట్టు ఉండేదో ఒకటొకటే అడిగాడు. వేపచెట్టు ఉండేదట. ఊరి నడుమ చేదబావి, అందులో కొబ్బరినీళ్ళ వంటి నీళ్ళు.

"అవ్వా, ఇప్పుడు ఆ బావిలో ఉన్నవి బావినీళ్ళా, కృష్ణ నీళ్ళా?"

ముసలమ్మ పకపకా నవ్వింది. తరవాత నీళ్ళకేసి చాలాసేపు చూసింది.

"తాగి చూస్తే చెప్పేదాన్ని బిడ్డా."

లాంచీ ఒడ్డుకు చేరింది. అద్దాలూ గొట్టమూ తడవకుండానే ఇంటికి వచ్చాయి. ఈసారి నెలరోజులు మావాడు చెప్పింది మాత్రం చేపల ముచ్చట కాదు.