మోచేతి ఎత్తు

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో కూర్చున్న వడ్రంగి కనిపించాడంటే టీ తాగుతున్నాడనే లెక్క. ప్యాటర్న్ షాపులో నా సర్వీసంతా బెంచీ ముందు నిలబడే గడిచింది. మా నాన్నది దీనికి పూర్తిగా ఎదురు. టెక్కలి దగ్గర మా ఊళ్లో వేపచెట్టు కింద కూర్చుని, కర్రను కాలివేళ్లతో అదిమిపట్టి బాడిసె వేసేవాడు. నాగలి చేసినా, ద్వారబంధం చేసినా నేలే ఆయన బెంచీ. రిటైరయ్యాక రిసాలీలో ఇంటి వరండాలో పని పెట్టుకుంటే నాకు ఈ రెండు పద్ధతులూ పనికిరాలేదు. కాసేపు నిలబడితే నడుము పట్టేస్తుంది, కింద కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వవు. ఇక మిగిలింది స్టూలు, దాని ఎత్తుకు తగ్గ బెంచీ.

పని పెద్దదేం కాదు. ఇండస్ట్రియల్ ఏరియాలోని చిన్న ఫౌండ్రీలకు ప్యాటర్న్‌లు, కోర్ బాక్సులు చేసిపెడతాను. పోత పోయాల్సిన భాగాన్ని ముందు కర్రతో చేస్తాం. దాని చుట్టూ ఇసుక దట్టించి అచ్చు తీసి అందులో లోహం పోస్తారు. ఉక్కు చల్లారేటప్పుడు నూటికి రెండు వంతులు, పోత ఇనుమైతే ఒక వంతు దాకా కుంచించుకుపోతుంది. అందుకని కర్రను ఆ మేరకు పెద్దగా చెయ్యాలి, దానికి మాకు వేరే స్కేళ్లుంటాయి. ఉక్కు పోతల స్కేలు మీద మీటరంటే నిజానికి 1020 మిల్లీమీటర్లు. కొత్తగా చేరిన కుర్రాడికి ఆ స్కేలిచ్చి, కిటికీ కొలిచి అద్దం కోయించుకు రమ్మనడం మా షాపు వేళాకోళం. బెంచీ కొలతలకు మాత్రం నేను మామూలు టేపే వాడాను.

ఈ పనిలో రంపం, చిత్రిక ఒక వంతు. మిగతాదంతా ఉలితో గీకడం, మూలల్లో మైనం నింపి గుండ్రం చెయ్యడం, ఉప్పుకాగితం పెట్టడం, లక్క పాలిష్ పుయ్యడం. ఇవన్నీ కూర్చుని చేసేవే, కళ్లకు దగ్గరగా ఉండాల్సినవే. డైనింగ్ టేబుల్ ఉంది కదా అని మా ఆవిడ అంది. అది 75 సెంటీమీటర్ల ఎత్తు. దాని ముందు స్టూలు మీద కూర్చుంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి. అన్నం తినడానికి ఎలాగో సరిపోతుంది గానీ ఉలి పట్టుకుంటే సాయంత్రానికి మెడ తిరగదు.

ఎత్తు లెక్క నేల నుంచి మొదలుపెడితే తప్పుతుంది. ముందు మనిషి కూర్చోవాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆని, తొడలు సమంగా ఉండేలా నా స్టూలు 42 సెంటీమీటర్లకు తేలింది. భుజాలు వదులుగా వదిలేసి మోచెయ్యి మడిచి కొలిపించుకుంటే నేల నుంచి 64. అసలు కొలత ఇదే. మామూలు చేతిపనికి బెంచీ మోచేతితో ఇంచుమించు సమంగా ఉండాలి. సన్నపనికి మరో ఐదారు సెంటీమీటర్లు లేవాలి. కంసాలి బెంచీ ఛాతీ దాకా ఉండేది అందుకే. బలం పెట్టి చేసే పనికేమో బాగా దిగాలి. అన్నిటికీ ఒకటే ఎత్తు కుదరదు గనక నేను 66 దగ్గర ఆగి, సన్నపనికి పైన పెట్టుకోవడానికి ఒక పెట్టెపలక చేసుకున్నాను. రెండు సెంటీమీటర్లు ఎక్కువ పెట్టింది చూపు కోసం. వయసు కంటిని కూడా లెక్కలోకి తెమ్మంటుంది.

అసలు చిక్కు కిందనుంది. స్టూలు 42, దాని మీద తొడ మందం 15, మొత్తం 57. కాలు కదలడానికి కాస్త ఖాళీ వదిలితే 60 కింద ఏదీ వేలాడకూడదు. అంటే పలకకూ, దాన్ని మోసే ఇనుముకూ కలిపి దక్కింది ఆరు సెంటీమీటర్లే. చాలామంది ముందు భాగంలో అందంగా సొరుగు పెట్టి ఇక్కడే దెబ్బతింటారు. మోకాళ్లు పట్టని బెంచీ ముందు మనిషి వెనక్కి జరిగి, ముందుకు వంగి పనిచేస్తాడు. నేను రెండు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లు అంటించి 38 మిల్లీమీటర్ల పలక చేశాను. ముందు అంచు కింద 6 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ పడుకోబెట్టాను. రెండూ కలిసినా నాలుగున్నర దాటలేదు. సొరుగు కుడి పక్కన, మోకాలికి అవతల. వెడల్పు 55 సెంటీమీటర్లు. కూర్చున్నవాడి చెయ్యి హాయిగా అందేది మోచేతి చుట్టూ తిరిగే జానెడు, రెండు జానల మేరే. అంతకు మించితే అక్కడ సామాను పేరుకుంటుంది.

సుపేలాలో వెల్డర్‌కి 40 మిల్లీమీటర్ల యాంగిల్ తెచ్చిచ్చాను. మీటరుకు మూడు కిలోలు తూగుతుంది, బెంచీ చట్రానికి చాలు. అతను అలవాటుగా ముందు కాళ్లకు కూడా అడ్డపట్టీ వెయ్యబోయాడు. వద్దన్నాను. అడ్డపట్టీ లేకపోతే ఊగుతుంది రావు గారూ అన్నాడు. (నా ఇంటిపేరుగానీ పేరుగానీ రావు కాదు. భిలాయ్‌లో తెలుగువాళ్లందరూ రావులే.) అతనన్నది నిజమే, ముందు ఖాళీ వదిలితే ఊగుతుంది. ఆ బలాన్ని వెనక్కి తీసుకెళ్లాం. రెండు పక్కలా ఏటవాలు పట్టీలు, వెనక్కాళ్లు యాంకర్ బోల్టులతో గోడకు. ఇప్పుడు ఫైలు ఆడించినా కదలదు. అద్దె ఇంట్లో గోడకు కన్నం పెట్టలేనివాళ్లు వెనక భాగమంతా రేకు వేయించుకోవచ్చు.

వైస్ సంగతి వేరే. బెంచీ మీద బిగిస్తే దవడలు మరో జానెడు లేస్తాయి, కూర్చున్నవాడి గడ్డం దగ్గరకు వస్తాయి. వడ్రంగి వైస్ అయితే పలక అంచుకు సమంగా అమర్చవచ్చు. నా ఇనుప వైస్‌ని మాత్రం ఎడమ కాలికి బయట పదిహేను సెంటీమీటర్లు కిందికి చిన్న మెట్టు వేయించి పెట్టాను. సుత్తిపనికి ఈ బెంచీ పనికిరాదు. దానికి రైలు పట్టా ముక్క ఉంది, మొద్దు మీద బిగించి. ఈ ఊరు చేసే పట్టాలు మీటరుకు 60 కిలోలు తూగుతాయి, జానెడున్నర ముక్క కూడా ఇంట్లో దాగలి పని చేస్తుంది. తుక్కు దుకాణంలో కొన్నప్పుడు బిల్లు అడిగి తీసుకున్నాను. రైల్వే సొమ్ము అక్రమంగా దాచుకున్నవాళ్లను పట్టుకునే 1966 చట్టం ఒకటుంది. నాకు తెలిసినవాళ్లలో చాలామంది దాగళ్లకు బిల్లు ఉండదు.

పెద్ద చిత్రిక ఆడించాలంటే ఇప్పటికీ లేచి నిలబడతాను. ఆ పనికి ఒంటి బరువంతా కాళ్ల మీంచి రావాలి. కూర్చుంటే చేతులే చెయ్యాలి, చేతులతో ఎంతసేపని?

మే నెలలో వరండా 45 డిగ్రీలు దాటుతుంది. కూలర్ పెడితే ఉప్పుకాగితం పొడంతా ఇంట్లోకి పోతుందని మా ఆవిడ గొడవ. అందుకని ఎండాకాలం పని తెల్లవారుజామునే. ఎడమవైపు కిటికీ నుంచి వెలుతురు పడుతుంది, నా చేతి నీడ గీత మీద పడదు.

రైల్ మిల్లులో చేసి రిటైరైన పక్కింటాయన ఫ్యాన్ల వైండింగ్ మొదలుపెట్టాడు. నా బెంచీ చూసి కొలతలు రాసిమ్మన్నాడు. రాసివ్వలేదు. ఆయన రోజూ కూర్చునే స్టూలు తెమ్మన్నాను. మోచెయ్యి 69 దగ్గర వచ్చింది, తొడ నాకంటే లావు. వైండింగ్ సన్నపని కాబట్టి 74 పెట్టమన్నాను. వెల్డర్ మాత్రం రెండు బెంచీలూ ఒకే కోతలో వస్తే యాంగిల్ మిగిలేదని ఇప్పటికీ సణుగుతున్నాడు.