పరిశోధనకు మాత్రమే

పెప్టైడు అను మాట యిప్పుడు మన యిండ్లలోనికి వచ్చినది. ముఖమునకు రాచుకొను లేపనముల డబ్బాలపై నది కనబడుచున్నది. ఒడలు తగ్గుటకు వేసికొను సూదిమందుల ప్రస్తావనలో వినబడుచున్నది. మాట వచ్చినంత వేగముగా దాని యర్థము మాత్రము రాలేదు. మా చెల్లెలి కుమార్తె హైదరాబాదులో నొక పరిశోధనాలయమున పని చేయుచున్నది. ఆమెకు పెప్టైడులతో నిత్యము పని. సెలవులకు మా యింటికి వచ్చినప్పు డెల్ల నామెను ప్రశ్నలతో విసిగించి మేము తెలిసికొన్న సంగతులే యిందు వ్రాయుచున్నాము.

పప్పు, పాలు, గ్రుడ్డు మొదలగు వానిలోని మాంసకృత్తులన్నియు ఎమినో ఆమ్లములను చిన్న పూసలతో గ్రుచ్చిన దండలు. ముఖ్యమైన పూసలు ఇరువది రకములు. దండ పొడవైనచో మాంసకృత్తు, పొట్టిదైనచో పెప్టైడు. సుమారు 50 పూసల యొద్ద గీటు గీయుట వాడుక. పూసల వరుస మారినచో దండ చేయు పనియే మారిపోవును. కాన్పునొప్పులను బలపరచి, బిడ్డ నోరు పెట్టగానే తల్లికి పాలు చేపునట్లు చేయు ఆక్సిటోసిను కేవలము 9 పూసల దండ యనిన మేము మొదట నమ్మలేదు. 1953లో దానిని కృత్రిమముగా కూర్చినవారు అమెరికా దేశపు విన్సెంట్ డూ విన్యో. 1955లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెలు బహుమాన మిచ్చిరి. అంతకు పూర్వము పశువుల మెదడు క్రింది గ్రంథినుండియే దానిని తీయవలసి వచ్చెడిది.

ఆ దినములలో నొక్కొక్క పూసను చేర్చిన పిదప దండను వేరుచేసి శుద్ధిపరచుటకే నెలలు పట్టెడిది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థలో బ్రూస్ మెరిఫీల్డు 1963లో నొక యుపాయము ప్రకటించెను. మనము పూలమాల కట్టునప్పుడు దారపు కొనను కాలి బొటనవ్రేలికి తగిలించుకొందుము గదా, అదియే! తొలిపూసను సన్నని ప్లాస్టిక్ గింజలకు అంటించి, తక్కినవానిని వరుసగా చేర్చుచు, మిగిలిన ద్రావకమును బియ్యపు కడుగువలె వంచివేయుట. పని ముగిసినపుడు దండను గింజనుండి కోసికొందురు. ఇంత సులువుగ దోచు నాలోచనకు 1984లో నోబెలు బహుమానము వచ్చినది. నేటి యంత్రములును చాలవర కీ మార్గమునే నడచుచున్నవి.

అయితే చిక్కంతయు నిచ్చటనే యున్నది. ప్రతి చేర్పునందును నూటికి 99 దండలు పూసను సరిగా పట్టుకొన్న వనుకొందము. 30 పూసల దండకు 29 చేర్పులు. తుదకు నూటికి 75 మాత్రమే సరియైనవి మిగులును. 99కి బదులు 95 అయినచో మిగులునవి 23! తక్కిన దండలలో నెక్కడనో యొక పూస తప్పియుండును. చూచుట కన్నియు నొకే తెల్లని పొడి. కావుననే ఆ మిశ్రమమును సన్నని గొట్టముగుండ త్రోసి దేనికది విడదీయు యంత్ర మొకటియు, అణువు బరువును తూచు యంత్ర మొకటియు లేక యీ పని సాగదు.

మా యమ్మాయి పెప్టైడు తెప్పించు తీరు చూచినచో మన పట్టుచీరల బేరము వట్టిదనిపించును. పూసల వరుస వ్రాసి పంపును. ఆ సరకు నిజముగా వచ్చిన దఫాకే చెందిన పరీక్షాపత్రము కావలెనని పట్టుబట్టును. శుద్ధి 98 శాతమని వ్రాసినంతమాత్రమున తృప్తి చెందదు. "పెద్దమ్మా, నగ 22 కారట్లే కావచ్చును. కాని తూకములో రాళ్లెన్ని, లక్క యెంత యని అడుగరా?" అని నవ్వినది. పొడిలో నీరును, తయారీలో చేరిన లవణములును ఉండును. శుద్ధి లెక్కలో నవి చేరవు. తూకములో మాత్రము చేరును. 10 మిల్లీగ్రాముల పొడిలో అసలు దండ 7, 8 మిల్లీగ్రాములే యుండుట కద్దు. వచ్చిన సీసాను సున్నకు 20 డిగ్రీల దిగువ చలిలో దాచును. వెలికి తీసిన వెంటనే మూత విప్పదు. చల్లని పొడిపై గాలిలోని చెమ్మ దిగి చెరచును. అప్పడముల డబ్బా సంగతి తెలిసిన వారికి మేము విప్పి చెప్పనక్కరలేదు.

మొన్నటి సెలవులలో మా వీథిలోని యొక గృహిణి సంచిలో మూడు చిన్న సీసాలు తెచ్చినది. మోకాళ్ల నొప్పిచే మెట్లెక్కలేక బాధపడుచున్నది. బరువు తగ్గుమని వైద్యులు చెప్పిరట.

"వదినగారూ, మీ యమ్మాయికి వీని సంగతి తెలియునట గదా. ఒకమారు చూడుమనుడు."

సీసాపై సన్నని యక్షరములతో "పరిశోధనకు మాత్రమే, మానవ వినియోగమునకు కాదు" అని యున్నది. వెంట వచ్చిన కాగితమున 99 శాతమని యున్నది గాని, దానిపై దఫా సంఖ్య వేరు, సీసాపై సంఖ్య వేరు.

"అత్తయ్యగారూ, ఈ కాగితము నిజమే యనుకొన్నను ఇది చెప్పున దొక్క శుద్ధియే. సూక్ష్మజీవులు లేవని యిందు లేదు. అవి చచ్చినను వాని పైపొర తునకలు నెత్తుట జొచ్చి జ్వరము తెప్పించును. మేము దీనిని గాజుపళ్లెములోని కణములపై వేయుదుము. అవి చచ్చినచో పళ్లెము పారవైచి మరల మొదలుపెట్టుదుము."

"వైద్యులు వ్రాయు మందు వెల దీనికి మూడింతలమ్మా!"

దీనికి మా యమ్మాయి బదులు చెప్పలేదు. మాకును తోచలేదు. వైద్యులు వ్రాయు సెమాగ్లుటైడును 31 పూసల దండయే. దానిని మేము దూషించుట లేదు. వెల యెక్కువ యనుటయు నబద్ధము కాదు. కాని ఆ సన్నని యక్షరములు కొనువారిని కాపాడుటకు గాక యమ్మువారిని కాపాడుటకే వ్రాసినవని మా నిశ్చయము. అమెరికా ఔషధ నియంత్రణ శాఖ 2024లో, ఇట్టి మాట యంటించి మనుష్యులకే యమ్ముచున్న వర్తకులకు హెచ్చరిక లేఖలు వ్రాసినది.

"మీ పరిశోధనాలయమున పరీక్షింపరాదా?" అని ఆమె తుదకు అడిగెను.

"ఒక సీసాను పరీక్షించినచో తక్కిన రెంటి సంగతి తెలియదు, అత్తయ్యగారూ. పరీక్షకు విప్పిన సీసా మీకును పనికిరాదు."

ఆమె కొంతసేపు మాటాడలేదు. మంచినీళ్లు త్రాగి, సీసాలు మూడును సంచిలో వేసికొని, తన వైద్యుని వీలు కనుగొనవలెనని గొణుగుకొనుచు మెట్లు దిగెను. సూదుల పొట్లము మాత్రము మా బల్లమీదనే యుండిపోయినది. మా యమ్మాయి దానిని పిల్లల చేతి కందకుండ అటకపై పెట్టినది. ఇంతవరకు దానికై యెవ్వరును రాలేదు.