ఇంజిను లేని బండికి కాపలా

కారు ఎత్తుకుపోవాలంటే దొంగ తలుపు తెరవాలి, ఇంజిను స్టార్ట్ చేయాలి. ట్రావెల్ ట్రైలర్‌తో ఆ తంటా లేదు. దానికి ఇంజినే ఉండదు. మన ఎద్దుబండిలాగే, ఎవరి ఎద్దుల మెడ మీద కాడి పడితే వాళ్ల వెంట పోతుంది. హిచ్ ఉన్న పికప్ ట్రక్కు ఒకటి చాలు, టెక్సస్‌లో వాటికి కొదవా? ట్రక్కు వెనకుండే బాల్ కూడా ఈ ట్రైలర్లకు చాలావరకు రెండే సైజులు: 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు.

నాకు గుబులు పుట్టించేది ఇంకొకటి. ఈ దొంగతనం చూడ్డానికి దొంగతనంలా కనబడదు. పట్టపగలు ఎవరో ట్రక్కు వెనక్కి తెచ్చి, చెయిన్లు తగిలించుకుని పోతుంటే, సొంతదారే క్యాంపింగ్‌కు బయల్దేరాడనుకుంటాం. చెయ్యి కూడా ఊపుతాం. అందుకే ఆ పనికి చాలాసేపు పట్టాలి, చూసేవాళ్లకు అనుమానం రావాలి.

ట్రైలర్ ముందు, బాల్ మీద కూర్చునే కప్లర్ గొళ్లేనికి చిన్న తాళం వేసి ఊరుకోవద్దు. గొళ్లెం పడి ఉన్నా కింద గుంట ఖాళీయే. చిన్న బాల్ దూర్చో, సేఫ్టీ చెయిన్లు ట్రక్కుకు కట్టో లాక్కుపోతారు. ఆ గుంటను నింపేసి, చుట్టూ ఉక్కుతో మూసేసే తాళం కొనండి. చక్రానికి కొట్టొచ్చినట్టు కనబడే రంగు క్లాంప్ వేయండి. బ్యాటరీ గ్రైండర్ వీటినీ కోసేస్తుంది, నిజమే. కానీ రవ్వలు చిమ్ముతూ, వీధంతా మోగేలా కోస్తుంది.

ఆ మోత వినడానికి మనిషంటూ ఉండాలి. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో మనవాళ్లుండే చాలా కాలనీల్లో ఇంటి ముందు ట్రైలర్ పెట్టడానికి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదు. పాపం, అది ఊరి చివర స్టోరేజ్ లాట్‌లో నెలల తరబడి పడి ఉంటుంది. అద్దెకు చోటు చూసేటప్పుడు పైకప్పు ఉందా అని కాదు, రాత్రి మనిషి ఉంటాడా అని అడగండి. పక్క స్లాటువాళ్లతో ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి. వీలైతే ట్రైలర్ మూతి గోడవైపు తిప్పి నిలపండి.

ఎయిర్‌ట్యాగ్ ఒక్కటే నమ్ముకోవద్దు. తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కే కబురు అందుతుంది. నెలనెలా డబ్బు కట్టినా జీపీఎస్ ట్రాకరే మేలు. అది బండి జాడ చూపిస్తే పోలీసులకు చెప్పండి, మీరు వెంటపడొద్దు. వాళ్లు అడిగేది 17 అక్షరాల విన్ నంబరు. దాన్నీ ఫొటోలనూ ఫోన్‌లో ఉంచుకోండి. టైటిల్ కాగితం మాత్రం ట్రైలర్‌లో పెట్టనే వద్దు.

కారు పాలసీ ట్రైలర్‌కూ వర్తిస్తుందని చాలామంది ధీమాగా ఉంటారు. లాక్కెళ్తున్నప్పుడు ఎదుటివాళ్లకు జరిగే నష్టం వరకే సాధారణంగా అది పనికొస్తుంది. ట్రైలరే పోతే దానికి విడిగా కాంప్రిహెన్సివ్ ఉండాలి. ఉంటే ఇచ్చేది పాతబడ్డ బండి ధరా, ముందే ఒప్పుకున్న మొత్తమా? లోపలి సామాను లెక్కలోకి వస్తుందా? ఈ వారమే ఏజెంటుకు ఫోన్ చేసి అడగండి.