మా చేపల తొట్టి – రెండు హీటర్లు

మా యింటి చావడిలో నాలుగడుగుల పొడవును, అడుగున్నర వెడల్పును, అడుగున్నర లోతును గల గాజుతొట్టి యొకటి కలదు. దానిలో సుమారు 250 లీటర్ల నీరు పట్టును. అన్నదమ్ములమైన మేమిరువురము అందు ఆఱు ఏంజెలు చేపలను పెంచుచుంటిమి. వీని జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. అచ్చటి నీరు ఏడాది పొడవునను వెచ్చగా నుండును గాన వీనికి 26 మొదలు 28 డిగ్రీల వఱకు వేడి కావలయును. మా యూరు ఆదిలాబాదు. ఇచ్చట వేసవి యెండలెంత తీవ్రములో శీతకాలపు రాత్రులంత చల్లన. హీటరు లేనిదే యీ చేపలు బ్రదుకవు.

మొదట మేము 300 వాట్ల హీటరు నొక్కదానిని కొని, కంటికి కనబడుట యందముగా లేదని దానిని మూలనున్న రాళ్ల వెనుక దాచితిమి. పెద్దదే కొంటిమి గదా, యిక చింత యేల యని తలచితిమి. థర్మామీటరునకు ఉంచిన పైకముతో రంగురాళ్లు కొంటిమి.

రెండేండ్ల క్రిందట క్రిస్మసు సెలవులలో ఇంటిల్లిపాదియు మూడు దినములు అమ్మమ్మగారి యూరికి పోయితిమి. తిరిగి వచ్చి చూడగా చేపలు అడుగున చేరి కదలక యుండెను. చేయి ముంచగా నీరు జిల్లుమనెను. హీటరు చెడియుండెను. మా వీధిలోనే కాపురముండు సైన్సు ఉపాధ్యాయులుగారు వచ్చి థర్మామీటరు నుంచగా 18 డిగ్రీలు చూపెను. వారము తిరుగకమునుపే చేపల మేన ఉప్పురవ్వల వంటి తెల్లమచ్చలు పొడమెను. చలికి బలము తగ్గిన చేపలను ఈ రోగము సులభముగా పట్టును. మూడు చేపలు చచ్చెను. వానిని జామచెట్టు క్రింద పూడ్చుచుండగా మా చెల్లెలు, “మనము ఊరికి పోకున్న బ్రదికెడివా అన్నా?” అని యడిగెను. మా నోట మాట రాదయ్యెను.

ఉపాధ్యాయులుగారు మాత్రము, “అబ్బాయిలారా, యంత్రము చెడుట సహజము. ఒక్కదానినే నమ్ముట మీ పొరపాటు” అనిరి. పిమ్మట పలకపై లెక్క వేసి చూపిరి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,200 జౌళ్ల శక్తి కావలయును. 300 వాట్ల హీటరు మా తొట్టినీటిని ఒక డిగ్రీ పెంచుటకు దాదాపు గంట పట్టును. 150 వాట్లదానికి రెండు గంటలు. చలి ప్రదేశములలో లీటరునకు ఒక వాటు చొప్పున ఉండవలెను గాని, దానిని రెండు హీటర్లకు పంచుట మేలు. ఒకటి ఆగిపోయినచో రెండవది కొంత కాపాడును. ఒకదాని థర్మోస్టాటు అంటుకొనిపోయి విడువక కాచుచుండినను నీరు మెల్లగానే వేడెక్కును.

ఇప్పుడు 150 వాట్ల హీటర్లు రెండింటిని చెఱియొక కొసను, ఫిల్టరు వలన నీరు కదలుచోట నమర్చితిమి. రాళ్ల చాటున నిలిచిన నీరు మాత్రము కాగి, థర్మోస్టాటు తొందరగా ఆపివేయును; ఆవలి కొస చల్లగనే యుండును. వేడినీరు పైకి పోవును గాన అవి అడుగునకు చేరువగా, ఇసుక తగులకుండ నుండవలెను. థర్మామీటరు రెంటికిని దూరముగా నడుమ నుండవలెను. నీరు మార్చుటకు పావుగంట ముందే స్విచ్చి ఆపవలెను. లేనిచో హీటరు గాజు పగులును. తీగను ప్లగ్గు కంటె క్రిందికి వంపుగా వ్రేలాడనిచ్చినచో నీటిబొట్లు ప్లగ్గులోనికి పోక నేల రాలును.

ఈ యేటి జనవరిలో ఒక యుదయమున థర్మామీటరు 24 డిగ్రీలు చూపెను. ఒక హీటరు ఆగియుండెను. రెండవది రాత్రియంతయు ఒంటరిగా పనిచేసెను. ఆ సాయంకాలమే క్రొత్తది తెచ్చి పెట్టితిమి. మిగిలిన మూడు చేపలును సుఖముగా నున్నవి.

చేపకు నోరు లేదు. చలి వేయుచున్నదని చెప్పజాలదు. దేవుడు మన చేతి కప్పగించిన ప్రాణిని గూర్చి మనమే విచారించి తెలిసికొనవలెను. ఆ దినము భేదమును కనిపెట్టినది మేము కాము, మా చెల్లెలు. ప్రతి యుదయమును బడికి పోవుటకు ముందు థర్మామీటరు చూచి, ఆ యంకెను క్యాలెండరుపై వ్రాయుట ఆమె వాడుక.